ప్లెబియన్ అంటే పేదవాడేనా?

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రోమ్ పాఠంలో పెట్రీషియన్, ప్లెబియన్, కాన్సుల్, ట్రిబ్యూన్, డిక్టేటర్ అని వరసగా పదాలు ఇచ్చారు. ఎంత బట్టీపట్టినా పరీక్ష హాల్లో ఒకదానితో ఒకటి కలిసిపోయి టెన్షన్ వస్తోంది. పెట్రీషియన్లంటే ధనికులు, ప్లెబియన్లంటే పేదలు, అంతేనా?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: అంతే కాదమ్మా. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులో అలాగే చెప్పాను. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "క్రాసస్ పెద్ద కోటీశ్వరుడన్నారు కదండీ, మరి ఆయన ప్లెబియన్ అని ఈ పుస్తకంలో ఉందేంటి?" అని అడిగాడు. ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి మళ్లీ మొదట్నుంచి చదువుకున్నాను.

పెట్రీషియన్ అనేది డబ్బుతో వచ్చే పేరు కాదు, పుట్టుకతో వచ్చేది. కొన్ని పాత వంశాలకే ఆ హోదా ఉండేది. ఆ వంశాల్లో పుట్టని పౌరులంతా ప్లెబియన్లే. క్రాసస్ ప్లెబియన్, పేరుమోసిన సేనాని పాంపీ కూడా ప్లెబియనే. జూలియస్ సీజర్ మాత్రం పెట్రీషియన్. బానిసలు ఈ రెంటిలోకీ రారు, వాళ్లు పౌరులే కారు.

మొదట్లో పదవులు, పూజారి హోదాలు చాలావరకు పెట్రీషియన్ల గుప్పిట్లోనే ఉండేవి. అప్పు తీర్చలేని ప్లెబియన్ అప్పిచ్చినవాడి ఇంట్లో వెట్టిచాకిరీ చేస్తూ బతకాల్సి వచ్చేది. యుద్ధం వస్తే కత్తి పట్టాల్సింది కూడా అతనే. క్రీ.పూ. 494లో వాళ్లు ఒక్కసారిగా ఊరు వదిలి, బయట ఉన్న పవిత్ర కొండ మీదికి వెళ్లి కూర్చున్నారని రోమన్లు చెప్పుకునే కథ. సైన్యమే లేచిపోతే రాజ్యం ఎలా నడుస్తుంది? చివరికి రాజీ కుదిరింది. ప్లెబియన్లకు సొంత రక్షకులు వచ్చారు. వాళ్లే ట్రిబ్యూన్లు.

మీకిచ్చిన పదాల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ట్రిబ్యూన్ దగ్గర సైన్యం లేదు, ఖజానా లేదు. అతని మీద ఎవరూ చెయ్యి వేయకూడదు, అంతే. ఆ రక్షణతోనే అతను రాజ్యంలో పెద్ద అధికారి అయిన కాన్సుల్ ఆజ్ఞకైనా అడ్డు నిలబడి "వీటో" అనగలడు. లాటిన్‌లో దానికి "నేను నిషేధిస్తున్నాను" అని అర్థం. కష్టంలో ఉన్నవాడు ఏ వేళ వచ్చినా ఆశ్రయం దొరకాలని, ట్రిబ్యూన్ ఇంటి తలుపు రాత్రింబవళ్లు తెరిచే ఉంచేవారు.

ఈ పదవికి పెట్రీషియన్ అర్హుడు కాడు. అందుకే క్లోడియస్ అనే పెట్రీషియన్ క్రీ.పూ. 59లో, తనకన్నా వయసులో చిన్నవాడైన ఒక ప్లెబియన్‌కు దత్తత వెళ్లాడు! దాంతో తనూ ప్లెబియన్ అయ్యి, మరుసటి ఏడు ట్రిబ్యూన్‌గా తన శత్రువైన సిసిరో అనే పెద్ద వక్తను దేశం దాటించాడు. ప్లెబియన్ అంటే పేదవాడే అయితే ఈ దత్తత ఎందుకమ్మా? ఈ ఒక్క కథ గుర్తుంచుకోండి.

కాన్సుల్‌ను అర్థం చేసుకోవడం తేలిక. రాజును వెళ్లగొట్టాక, మళ్లీ ఒక్కడి చేతిలో అధికారం పడకూడదని ఏడాదికి ఇద్దర్ని ఎన్నుకునేవారు. కాన్సుల్ ముందు పన్నెండుమంది భటులు బెత్తాల కట్టలు భుజాన వేసుకుని నడిచేవారు. నగరం బయట ఆ కట్టలో గొడ్డలి కూడా ఉండేది. నగరంలోకి వస్తే గొడ్డలి తీసేయాలి. ఊళ్లో పౌరుడి తల ఇష్టమొచ్చినట్టు తీయడానికి వీల్లేదని చూపించే గుర్తు అది. డిక్టేటర్ అనేది కూడా మొదట్లో తిట్టు కాదు. ఆపదలో ఆరు నెలలకు మించకుండా ఇచ్చే పదవి. క్రీ.పూ. 44లో సీజర్ దాన్ని జీవితాంతానికి తీసుకున్నాడు. కొద్ది వారాలకే, మార్చి 15న, సెనేట్ అనే పెద్దల సభ సమావేశంలోనే అతన్ని పొడిచి చంపారు.

సీజర్ వారసుడు, రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ డిక్టేటర్ అనే పేరు జోలికి పోలేదు. అతను పెట్రీషియన్, ట్రిబ్యూన్ కాలేడు. క్రీ.పూ. 23లో ఆ పదవి లేకుండా దాని అధికారాలు మాత్రం తీసుకున్నాడు. కొండెక్కి కూర్చున్న జనం సంపాదించుకున్న కవచం చక్రవర్తి ఒంటిమీదికి చేరింది. ఇది చెప్పినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మీ ఖమ్మం పక్కనే నల్గొండ జిల్లా అక్కన్‌పల్లెలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. అగస్టస్ వెండి నాణేల్లో మన దేశంలో ఎక్కువగా కనబడే రకం మీద అతని ఇద్దరు దత్తపుత్రులు డాళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. మ్యూజియంలో ఎక్కడైనా ఆ రకం కనబడితే అక్షరాలు చూడండి. సి, ఓ, ఎస్ అని మూడు అక్షరాలుంటాయి. అది కాన్సుల్ అనే మాటకు పొట్టిరూపం. ఆ పిల్లలింకా పదవి చేపట్టలేదు, కాబోయే కాన్సుల్స్ అన్నమాట.