ఈ మధ్య మనల్ని విడిచి వెళ్లిన సంగీతకారుల్లో మీకు ఎక్కువ లోటనిపించింది ఎవరు?

బాలు గారి పేరే అందరూ రాస్తారని తెలుసు. రాయాలి కూడా. కానీ ఆయన్ని తలుచుకోవడానికి రెండు రాష్ట్రాల జనం ఉన్నారు. 2024 డిసెంబరులో పోయిన జాకిర్ హుస్సేన్ గారికైతే ప్రపంచమే ఉంది. నా ఓటు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారికి. 2025 మార్చి 9న తిరుపతిలో పోయారు, 76 ఏళ్లు. "ఎవరాయన?" అన్నారా? ఆ మాట అనేవాళ్ల కోసమే ఈ జవాబు.

ఆ రోజు ఆదివారం. ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. హైదరాబాదులో మా బావగారింట్లో అందరం టీవీకి అతుక్కుని ఉన్నాం. మంచి పట్టు మీదున్నప్పుడు రాజమండ్రి నుంచి పిన్ని ఫోను. ఆవిడకీ రోహిత్ శర్మ అంటే పిచ్చి, ఆట మధ్యలో ఫోను చేసే మనిషి కాదు. "ఒరే, గరిమెళ్ల గారు పోయార్రా" అంది. వాళ్ల భజన మండలిలో సగం పాటలు ఆయన క్యాసెట్లు విని నేర్చుకున్నవే.

హాల్లోకొచ్చి చెబితే బావగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా "ఎవరు, మీ వాళ్లా?" అన్నారు.

"అదే బావగారూ, 'వినరో భాగ్యము విష్ణుకథ' పాట లేదూ, ఆయన."

"అది అన్నమయ్యది కదయ్యా. ఆయన పోయి ఐదొందల ఏళ్లయింది, ఇప్పుడు చెబుతున్నావేంటి?"

అందరూ ఘొల్లుమన్నారు. మా అక్క మాత్రం గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చి, "అయ్యో, క్యాసెట్లో పాడినాయనేనా?" అంటూ పల్లవి ఎత్తుకుంది. "వెనుబలమిదివో" అనేసరికి పదో తరగతి మేనల్లుడు, ఫోనులోంచి తలెత్తకుండానే "విష్ణుకథ" అని అందుకున్నాడు. వాడికెవరూ నేర్పలేదు. ఆ కాసేపటికి జడేజా ఫోరు కొట్టాడు, అపార్టుమెంటంతా టపాసులు, ఇక ఆ ఊసెత్తినవాళ్లు లేరు. మర్నాడు పేపర్లలో కూడా ముందు కప్పు, ఆ తర్వాతే ఏదైనా.

అన్నమయ్య పాటలు తిరుమల గుళ్లో రాగిరేకుల మీద దొరికాయి, దాదాపు 14 వేలు. రేకు మీద రాగం పేరుంటుంది, సాహిత్యం ఉంటుంది, స్వరం ఉండదు. అంటే ఆ మహానుభావుడు ఏ వరుసలో పాడాడో ఆ రేకుల్ని బట్టి చెప్పలేం. ఇవాళ మనం పాడుకునే వరుసలు చాలామటుకు మొన్నమొన్నటి మనుషులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, విజయవాడ రేడియోలో బాలమురళి గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, ఆ తర్వాత గరిమెళ్ల గారు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో "నానాటి బతుకు నాటకము" విని కళ్లు తుడుచుకునేవాళ్లలో, ఆ రేవతి రాగపు వరుస నేదునూరి గారిదని ఎంతమందికి తెలుసు? బావగారికైతే తెలియదు, అడిగా.

గరిమెళ్ల గారు 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో చేరారు. ఆరువందలకు పైగా కీర్తనలకు వరుసలు కట్టారు. "వినరో భాగ్యము"తో పాటు "జగడపు చనవుల జాజర", "పిడికిట తలంబ్రాల పెళ్లికూతురు" కూడా ఆయన కట్టినవే. "పిడికిట తలంబ్రాల" పాడని పెళ్లి మా వైపు ఒక్కటి చూపించండి. నేదునూరి గారి దగ్గర నేర్చుకున్నవారు, సంగతులు, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే మెలికలు, వేయాలంటే ఎన్నైనా వేయగలరు. వేయలేదు. "ఆదినుండి సంధ్యాది విధులలో వేదంబయినది విష్ణుకథ" అని మీరే పాడి చూడండి. ఊపిరి అందక ఆగాల్సిన చోటు ఉండదు. ప్రతి పాదమూ వచ్చి "విష్ణుకథ" మీదే వాలుతుంది కాబట్టి, మొదటి చరణం విన్నవాడు రెండో చరణానికి గొంతు కలిపేస్తాడు. సంగీతం రాని పదిమంది ఒక్క గొంతుతో పాడగలిగేలా కట్టడం కచేరీ పాట కట్టడం కన్నా కష్టమని నా గట్టి నమ్మకం. పండితులు ఒప్పుకోకపోతే నేనేం చేయను!

ఎస్.జానకి గారికి ఆయన బంధువు. ఈ ముక్క చెబితే గానీ మనవాళ్లు చెవులు నిక్కించరు. సినిమా వాసన తగిలితేనే కదా మనకు సంగీతం! సినిమా పాటకు సంగీత దర్శకుడి పేరు పోస్టరు మీద వేస్తాం, భక్తి పాట దగ్గరికొచ్చేసరికి వరుస ఆకాశం నుంచి ఊడిపడినట్టు "సంప్రదాయం" అని రాసేస్తాం. యూట్యూబులో "వినరో భాగ్యము" వీడియోలు వెతకండి. పాడిన పాప పేరు, కీబోర్డు వాయించినాయన పేరు, కెమెరా, ఎడిటింగు, చీరలు స్పాన్సరు చేసిన షాపు, అన్నీ ఉంటాయి. వరుస కట్టినాయన పేరుండదు. మొన్న మా కాలనీ పాటల పోటీలో ఒక జడ్జిగారైతే, పదేళ్ల పిల్ల చక్కగా పాడితే, "అన్నమయ్య ట్యూన్‌ని చెడగొట్టకుండా పాడావమ్మా" అని మెచ్చుకున్నాడు. మైకు చేతిలో ఉంటే ఏదైనా చెల్లుతుంది.

అందుకే కనిపించిన ప్రతి వీడియో కిందా "స్వరకల్పన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు, దయచేసి చేర్చండి" అని కామెంటు పెడుతున్నా. ఒక ఛానెల్ వాళ్లు వెంటనే చేర్చి దండం బొమ్మ పెట్టారు. ఇంకొకళ్లు నన్ను బ్లాక్ చేశారు.