గోడకు అంటించిన ఎథిక్స్ పాలసీ ఎందుకు పనిచేయదు?

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో ఉద్యోగుల నీతి నియమాల పాలసీని గోడకు అంటించినా ఎవరూ పట్టించుకోవడం లేదు, ఏం చేయాలని ఒకరు అడిగారు. ముందు తప్పు జరిగే చోటు చూడండి. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య; అది తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. చెరువు గట్టు మీద కాటా దగ్గర యాభై కౌంట్‌ను నలభైగా రాస్తే డబ్బు చేతులు మారుతుంది. ఇక ల్యాబ్. రొయ్యల్లో నిషేధిత యాంటీబయాటిక్ క్లోరాంఫెనికాల్ ఆనవాళ్లు తేలిన రోజే కంటైనర్ ఎక్కించాలన్న టెన్షన్ ఉంటుంది. ల్యాబ్ మనిషి ప్రొడక్షన్ మేనేజర్ కింద ఉంటే రిపోర్టు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అతను నేరుగా ఎండీకే చెప్పేలా మార్చండి.

పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకు ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసా? ఫిర్యాదు చేసినవాళ్ల షిఫ్టు మర్నాడే మారిపోతే, మళ్లీ ఎవరూ నోరు విప్పరు.