శుక్రవారం అన్నారు, పొద్దున చూస్తే లేదు: సమాధానం

నెట్‌ఫ్లిక్స్‌లో కొత్త కార్టూన్ సిరీస్ శుక్రవారం వస్తుందని పాప పొద్దున్నే లేచి కూర్చుందని, తీరా వెతికితే కనపడలేదని రాశారు. టెన్షన్ పడకండి, మీ అకౌంట్‌లో తేడా ఏమీ లేదు. వాళ్ల సొంత సిరీస్‌లు సాధారణంగా అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం అర్ధరాత్రి 12కి విడుదలవుతాయి. అంటే మనకు మధ్యాహ్నం 12:30. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు కాబట్టి మనకు 1:30. మన తెలుగు సినిమాలు మాత్రం చాలావరకు ఇక్కడి అర్ధరాత్రికే వచ్చేస్తాయి. అందుకే ఈ గందరగోళం.

మధ్యాహ్నం దాటాక కూడా కనపడకపోతే మీ ప్రొఫైల్‌లో వెతకండి. అక్కడ ఉండి పాప ప్రొఫైల్‌లో లేకపోతే అది చాలావరకు వయసు పరిమితి వల్లే. సిరీస్‌కు యు/ఎ 13+ (13 ఏళ్లు, ఆపైవాళ్లకు) రేటింగ్ ఉండి, ప్రొఫైల్ యు/ఎ 7+ దగ్గర ఆగితే పేరు కొట్టినా రాదు. మా వాడు రిమోట్ పట్టుకుని అరగంట ఏడ్చాక గానీ నాకిది తెలియలేదు, పాపం. పరిమితిని అకౌంట్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ ఇచ్చి మార్చవచ్చు. కానీ ముందు మొదటి ఎపిసోడ్ మీరు చూడండి, తర్వాతే మార్చండి.