ఎండీ తర్వాత పీహెచ్‌డీ చేస్తానంటున్న అమ్మాయికి

అమ్మాయీ,

పిల్లల వైద్యంలో ఎండీ పూర్తిచేసి, ప్రాక్టీసు పెట్టకుండా జీవశాస్త్రంలో పీహెచ్‌డీకి వెళ్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నిన్ను ఆపమన్నాడు. నేను ఆపను. ముప్పై ఏళ్ల కిందట ఆ దారిన నడిచినవాణ్ని. ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపించిన మాటలు నీకు రాస్తున్నాను.

దరఖాస్తు నింపేముందు నీ ప్రశ్న ఏమిటో కాగితం మీద రాసుకో. 'పరిశోధన చేయాలని ఉంది' అన్నది ప్రశ్న కాదు. వార్డు నుంచి ఇంటికి వచ్చాక కూడా నిన్ను వదలనిది ఏమిటి? నన్ను తలసీమియా వార్డు వదల్లేదు. అది ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుజబ్బు. ఒకే తల్లి పిల్లలు, జన్యువులో ఒకే లోపం. అన్నకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, చెల్లెలికి ఏడాదిలో ఒకటి రెండుసార్లు చాలు. ఎందుకలా? పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలతో నాకు తృప్తి కలగలేదు.

అలాంటి ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో చూడు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్న పసికందుల్లో మొదటి నెలల్లో జబ్బు బయటపడకపోవడాన్ని 1948లో న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల వైద్యురాలు గమనించారు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ వాళ్లను కాపాడుతోందని ఊహించారు. పుట్టాక ఆ హిమోగ్లోబిన్‌ను అణిచేది బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ అని 2008లో హార్వర్డ్ బృందం చూపింది. ఆ పత్రంలో మొదటి పేరు విజయ్ శంకరన్‌ది. అప్పుడాయన వైద్యం, పీహెచ్‌డీ కలిపి చదువుతున్న విద్యార్థి. ఆ అణచివేతను సడలించే జన్యు చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. డెబ్బై అయిదేళ్లు పట్టింది. అందులో నీ వంతు అయిదారేళ్లు, అంతే.

మొదటి ఏడాది మనసు చివుక్కుమంటుంది. నిన్నటిదాకా నీ మాటకు వార్డంతా కదిలేది. ల్యాబ్‌లో, ఎమ్మెస్సీ ముగించుకుని వచ్చిన కుర్రాడు నీ చేతిలోని పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే సాధనం) చూసి, 'అక్కా, మొదటి స్టాప్ దగ్గరే ఆగండి, రెండోదాకా నొక్కితే ద్రవం ఎక్కువ వచ్చేస్తుంది' అంటాడు. విను. ఆ చేతిపని అతని దగ్గరే నేర్చుకో.

ప్రొటీన్ల మధ్య ఒకదాన్ని పట్టిచూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో నాకు కావలసిన ప్రొటీన్ గీత ఆరు నెలలకు కనిపించింది. తడి ఆరని ఫిల్మ్ పట్టుకుని మా గైడ్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, 'కంట్రోల్ ఏది?' అన్నారు. అంటే, పోల్చి చూసేందుకు పక్కన పెట్టాల్సిన నమూనా. నేను పెట్టలేదు. 'అయితే ఇది ఏమీ చెప్పదు' అని నెమ్మదిగా ఫిల్మ్ నా చేతిలో పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వైద్యులం మనం, రాత్రి రెండింటికి అరకొర సమాచారంతోనే నిర్ణయం తీసుకోవాలి, లేకపోతే బిడ్డ దక్కదు. ల్యాబ్‌లో ఆ తొందరే మన కొంప ముంచుతుంది. మూడుసార్లు చేసి, మూడుసార్లూ అదే వస్తే అప్పుడు నమ్ము.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, 1930లో హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. ఆయన పేరు చెప్పగానే అందరూ మందుల గురించే మాట్లాడతారు. నాకు అంతకన్నా 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద గౌరవం ఎక్కువ. ద్రవం ఎంత నీలంగా తిరిగిందో చూసి లెక్కకట్టే పని అది. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలు వాళ్ల కంటపడ్డాయి.

డబ్బు సంగతి. జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థికిచ్చే జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. నీతో చదివినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు సంపాదిస్తుంటారు. ఇంటి మీద అప్పు ఉంటే ముందు దాని సంగతి చూడు. ఎంబీబీఎస్ అర్హతతో ఆ ఫెలోషిప్‌కు పెట్టే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాయవచ్చు, ఎమ్మెస్సీ అక్కర్లేదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం గడువు దాటనివ్వకు. గైడ్ ఒప్పుకుంటే వారానికి ఒక పూట ఓపీ చూడు. స్టెతస్కోపు పట్టే చెవి మొద్దుబారకూడదు.

సంస్థ పేరు చూసి ల్యాబ్ ఎంచుకోకు. అక్కడ చదివి బయటపడ్డవాళ్లను కలిసి, ఎన్నేళ్లు పట్టింది, ప్రయోగం చెడినప్పుడు గైడ్ ఏమన్నారు అని అడుగు. ఇప్పుడున్నవాళ్లు నిజం చెప్పలేరు.

నీ ప్రశ్నా, నువ్వు అనుకుంటున్న ముగ్గురు గైడ్ల పేర్లూ రాసి పంపు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న