పొటాషియం తగ్గితే కాళ్లెందుకు లేవవు?

ప్రశ్న: మా అమ్మకు రెండు రోజులు విరేచనాలయ్యాయి. మూడో రోజు పొద్దున కాళ్లు మంచం దించలేకపోయింది. పక్షవాతమేమోనని హడలిపోయాం. డాక్టరుగారు పొటాషియం 2.4కి పడిపోయిందని సెలైన్‌లో కలిపి చాలా నిదానంగా ఎక్కించారు. మర్నాడు నడిచింది. పొటాషియానికీ కాళ్లకీ సంబంధమేంటి? అంత నిదానమెందుకు?
- ఒక పాఠకురాలు, తుని

జవాబు: అమ్మగారు లేచి నడిచారని చదివాక నా మనసు కుదుటపడిందమ్మా.

కండరం కదిలేది కరెంటుతోనే. అది పుట్టేది కణం చుట్టూ ఉండే పొర దగ్గర. కొవ్వు పొర అది, మందం 5 నానోమీటర్లే. వెంట్రుకలో పదివేలో వంతు కూడా ఉండదు. పొటాషియం అందులోని ప్రోటీన్ ద్వారాల గుండానే రావాలి, పోవాలి. కణం లోపల అది లీటరుకు 140 మిల్లీమోల్స్ ఉంటే బయట రక్తంలో 4. అందుకని కొంచెం కొంచెంగా బయటికి కారుతూ ప్లస్ చార్జిని వెంట తీసుకుపోతుంది. లోపల మైనస్ 90 మిల్లీవోల్టులు మిగులుతుంది. టార్చిలైటు బ్యాటరీతో పోలిస్తే ఇదెంత అనిపిస్తుంది. కానీ అంత పల్చటి పొర మీద, మీటరుకు లెక్క కడితే కోటీ ఎనభై లక్షల వోల్టులు! ఫిజియాలజీ పాఠంలో ఈ లెక్క పిల్లల చేతే చేయించేదాన్ని. జవాబు చూసి మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లు.

విరేచనాలతో పొటాషియం పోయి బయటి 4 కాస్తా 2.4 అయితే ఈ మైనస్ ఇంకా లోతుకు, 100 వైపు దిగిపోతుంది. కండరం ముడుచుకోవాలంటే అది మైనస్ 55 దాకా పైకి రావాలి, అప్పుడే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకి కరెంటు పుడుతుంది. మీ అమ్మగారి నరాలు పిలుస్తూనే ఉన్నాయి. కండరాలే అంత ఎత్తు ఎక్కలేకపోయాయి.

ఇక నిదానం సంగతి. ల్యాబ్‌లో కొట్టుకుంటున్న కప్ప గుండె మీద పొటాషియం క్లోరైడ్ చుక్కలు వేస్తే, చూస్తుండగానే మెత్తబడి సాగిలపడి ఆగిపోతుంది. రింగర్ ద్రావణంతో, అంటే ఒంట్లో ఉండే పాళ్లలో లవణాలు కలిపిన నీళ్లతో, కడిగితే మళ్లీ కొట్టుకుంటుంది. మనిషి గుండెను అలా కడగలేం కదా! బయట పొటాషియం ఒక్కసారిగా పెరిగితే గుండె కణాల్లో ఆ మైనస్ తరిగిపోయి, సోడియం ద్వారాలు పనిచేయవు, గుండె ఆగిపోవచ్చు. అందుకే చుక్క చుక్కగా ఎక్కిస్తారు. డాక్టరుగారు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

అమ్మగారు బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతుంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి, కొన్ని మాత్రల వల్లా పొటాషియం పోతుంది. ఈసారి విరేచనాలు మొదలవగానే ఓఆర్‌ఎస్ పట్టించండి. లీటరుకు కలిపే ప్యాకెట్‌లో పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉంటుంది. ఇంట్లో కలిపే ఉప్పు, పంచదార నీళ్లలో అది ఉండదమ్మా.