సమాధానం: నాన్నగారి ఎన్‌ఎల్‌ఆర్ 6 వచ్చిందని భయపడకండి

లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అయిన నాలుగో రోజు సీబీసీలో (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) నాన్నగారి ఎన్‌ఎల్‌ఆర్ 6 ఉందని, అది ఎక్కువుంటే ఎక్కువ కాలం బతకరని నెట్‌లో చదివానని రాశారు కదండీ, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనేవి రెండు రకాల తెల్ల రక్తకణాలు, మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె, మీరిచ్చిన 78, 13 శాతాలు చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. కానీ మీరు చదివినలాంటి మాటలు చెప్పే అధ్యయనాలు చాలావరకు ఆపరేషన్‌కి ముందు తీసిన రక్తం మీద చేసినవి. కోత పడ్డాక ఎవరికైనా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష అంకె అయితే రెండు మూడు రోజులకి బాగా ఎగబాకి ఆ తర్వాత దిగుతుంది. దిగకుండా మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే సర్జన్‌కి చెప్పండి.

ఆపరేషన్‌కి ముందు తీసిన పాత సీబీసీ ఫైల్లో ఉంటుంది, వెతకండి. అందులో ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నా అది వందల మందిని కలిపి చూస్తే తేలిన ధోరణే, ఒక్క మనిషి ఆయుష్షు చెప్పే అంకె కాదు. ఎక్కువ అనడానికి హద్దు కూడా ఒకరు 2 దగ్గర పెడితే ఇంకొకరు 5 దగ్గర పెట్టారు. సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) ఉంటే ప్లేట్‌లెట్లు ఎలాగూ తగ్గుతాయి, అందుకే ప్లేట్‌లెట్లని లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే పీఎల్‌ఆర్‌ని అసలు నమ్ముకోవద్దు.

వీటన్నిటికంటే బయాప్సీ రిపోర్టు ముఖ్యం. రక్తనాళాల్లోకి గడ్డ పాకిందా, కోసిన అంచులు క్లియర్‌గా ఉన్నాయా అని డాక్టర్‌గారిని అడిగి, మొదటి రెండేళ్లు స్కాన్, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) ఎప్పుడెప్పుడు చేయించాలో రాయించుకోండి.