చేతితో చేసిన సబ్బు కొనేటప్పుడు నేను అడిగేవి తూకం, తేదీ

చిన్న తయారీదారులు చేతితో చేసే సహజమైన సబ్బులు చర్మానికి నిజంగా మేలు చేస్తాయా, లేక ఎక్కువ ధర పెట్టి కొనడం దండగా అని మీరు అడిగారు. నాలుగేళ్లపాటు ఇంట్లో సబ్బులు చేసి, కొన్నాళ్లు తెలిసినవారికి అమ్మిన అనుభవంతో చెబుతున్నాను: సబ్బు మంచిచెడ్డలను తేల్చేవి అందులోని పూలూ మూలికలూ కావు, చేసినవారి కాటా.

ఈ అభిప్రాయం నాకు నా పొరపాటు వల్లనే కలిగింది. నురగ మీది మోజుతో ఒకసారి 700 గ్రాముల కొబ్బరినూనె, 300 గ్రాముల ఆలివ్ నూనె లెక్కన ఒక విడత తలపెట్టాను. కొబ్బరినూనె సబ్బుగా మారడానికి ఆలివ్ నూనె కంటే మూడోవంతుకు పైగా ఎక్కువ కాస్టిక్ సోడా, అంటే నూనెను సబ్బుగా మార్చే ఘాటైన క్షారం, కావాలి. కొంత నూనె మారకుండా మిగిలితే సబ్బు మృదువుగా ఉంటుందని 5 శాతం సోడా తగ్గించి, సుమారు 160 గ్రాములు తూచుకున్నాను. తీరా నూనెలు పోసే వేళకు పుస్తకంలో రాసుకున్న రెండు అంకెలనూ తారుమారుగా చదివి, కొబ్బరినూనె 300, ఆలివ్ నూనె 700 గ్రాములు పోశాను. నేను పోసిన నూనెలకు 149 గ్రాముల సోడాకు మించి పట్టదు. మిగిలిన 11 గ్రాములు ఆవిరైపోవు, సబ్బులోనే కాచుకుని కూర్చుంటాయి.

కోసేటప్పుడు అంచులు పొడిపొడిగా రాలాయి. కొబ్బరినూనె సబ్బు త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఆలస్యంగా కోశానేమో అనుకున్నాను. కొన్నాళ్లకు పైన తెల్లని పొర తేలింది. గాలి తగిలి సోడా బూడిద కట్టడం మామూలే, దానివల్ల ప్రమాదం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆరు వారాలు ఆరబెట్టి, లావెండర్ వాసనతో ఘుమఘుమలాడుతున్న మొదటి సబ్బును మా అక్కకు ఇచ్చాను. ఆ సాయంత్రమే ఫోను చేసి, "ఇందులో ఏం కలిపావు? మెడంతా మండిపోతోంది" అంది. అప్పుడు ఒక ముక్కను తడిపి నాలుక కొనకు తాకించి చూస్తే, బ్యాటరీ కొనలు నాలుకకు ఆనినట్టు చురుక్కుమంది. ఆ సబ్బుకు చుట్టిన కాగితం మీద నా చేతిరాతతోనే "రసాయనాలు లేని సహజ సబ్బు" అని ఉంది.

అప్పటి నుంచి ఆ మాట ఎక్కడ కనబడినా నాకు ఒళ్లు మండుతుంది. కాస్టిక్ సోడా లేకుండా గట్టి స్నానపు సబ్బు తయారు కాదు. తూకం సరిగ్గా ఉంటే ఆ సోడా అంతా నూనెతో కలిసి సబ్బుగానూ గ్లిజరిన్‌గానూ మారిపోతుంది, అంతే. కరిగించి అచ్చులో పోసే తయారు దిమ్మెలను వాడేవారు తాము సోడా ముట్టలేదని గర్వంగా చెబుతారు కానీ, వారి తరఫున ఆ పని ఇంకెవరో ముందే చేసి ఉంటారు. ఇక సహజ తైలాలైతే ఎవరికీ పడకపోవడం ఉండదనేది మరో భ్రమ. లావెండర్ తైలంలోని లినలూల్ అనే సువాసన పదార్థం గాలి తగిలి పాతబడినకొద్దీ కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది.

చేతి సబ్బుకు నిజమైన గుణం లేకపోలేదు. పెద్ద కర్మాగారాలు చాలావరకు వేరుచేసి తీసుకునే గ్లిజరిన్ ఇందులో పూర్తిగా నిలిచి ఉంటుంది, ఏ నూనె ఎంత పోయాలో చేసేవారి చేతిలో ఉంటుంది. అయినా ఎంత బాగా చేసినా సబ్బు క్షారమే. దాని పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది, చర్మానిది 5కు అటూ ఇటూ. అందుచేత బాగా పొడిబారే చర్మానికి కర్మాగారంలో చేసిన, సబ్బు కాని మృదువైన బిళ్లే నయం కావచ్చు. తలకు రుద్దుకొమ్మని ఇదే సబ్బును షాంపూ బిళ్ల పేరుతో అమ్మేవారిని నేను అసలు నమ్మను.

కొనదలచుకుంటే, ఏ నూనె ఎంత శాతమో, ఏ తేదీన కోశారో అడగండి. నాలుగు వారాలైనా ఆరబెట్టనిది, అందులోనూ ఆలివ్ నూనె ఎక్కువ ఉన్నది, స్నానాల గదిలో ఇట్టే జిగురుగా కరిగిపోతుంది. పైన అద్దిన పూలరేకులను చూసి మురిసిపోకండి, వాటిలో చాలావరకు నల్లబడి నీళ్లు పోయే జాలీలో ఇరుక్కుంటాయి.

చెడిపోయిన ఆ విడతను తురిమి, సన్నని సెగ మీద కరిగించి, మరో 150 గ్రాముల ఆలివ్ నూనె పట్టించాను. లావెండర్ వాసన పోయింది, గడ్డలుగడ్డలుగా, చూడటానికి అసహ్యంగా తయారైంది. నాలుకతో రెండుసార్లు పరీక్షించి, ఈసారి కాగితం మీద తూకాలన్నీ రాసి ఇస్తే, అక్క దాన్ని చివరి ముక్క దాకా వాడింది.